వేరుశనగ గింజలో కలుపు మందు మిగిలిందా? వెలిగే నానో కణాల పరీక్షపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు రసాయన శాస్త్రం బోధిస్తాను. మా ఇంట్లో ఇప్పటికీ వేరుశనగ సాగు ఉంది. కళాశాలలో విద్యార్థులు ఒక రకం ప్రశ్నలు అడిగితే, ఊరికి వెళ్లినప్పుడు రైతులు, చిన్నపిల్లల తల్లులు మరో రకం ప్రశ్నలు అడుగుతారు. కలుపు మందు తగిలితే వెలుగు మారే అతిచిన్న కణాలతో, అంటే నానో కణాలతో, గింజలో మిగిలిన మందును పట్టే పరీక్ష గురించి వచ్చిన ఆ రెండు రకాల ప్రశ్నలనూ ఇక్కడ కలిపి రాశాను.

కలుపు మందు చంపేది కలుపును కదా, తినే గింజలోకి ఎందుకు వస్తుంది?

చెప్పిన మోతాదులో, చెప్పిన సమయంలో వాడితే చాలావరకు రాదు. వేరుశనగలో పెండిమిథాలిన్‌ను విత్తిన ఒకటి రెండు రోజుల్లోనే నేల మీద కొడతారు. ఇమాజెథాపైర్‌ను విత్తిన మూడు వారాల ప్రాంతంలో పైరు మీద పిచికారీ చేస్తారు. కాయలు పెరికే నాటికి రెండు మూడు నెలలు గడుస్తాయి. ఈలోగా నేలలోని సూక్ష్మజీవులు, ఎండ, తేమ ఆ మందును చాలావరకు విడగొడతాయి.

ఈ క్రమం తప్పినప్పుడే చిక్కు వస్తుంది. కలుపు ముదిరాక రెట్టింపు మోతాదు కొడతారు. ఒక పంటకు అనుమతించిన మందును మరో పంటకు వాడతారు. పక్క చేనిలో కొట్టిన 2,4-డి గాలికి కొట్టుకొచ్చి పత్తి మీదో టమాటా మీదో పడుతుంది. కలుపు మందు కొట్టిన స్ప్రేయరునే సరిగా కడగకుండా మళ్లీ పురుగు మందుకు వాడతారు. గ్లైఫోసేట్ సంగతి మరీ వేరు. అది ఆకులోంచి లోపలికి దిగి, మొక్క తన ఆహారాన్ని ఎటు పంపితే అటే ప్రయాణిస్తుంది: చిగురుకు, వేరుకు, గింజకు. కలుపు మందును తట్టుకునే, అనుమతి లేని పత్తి విత్తనాలు మన రాష్ట్రంలోనూ బయటపడ్డాయి. ఆ పత్తి గింజల నుంచే నూనె వస్తుంది, పశువులు తినే చెక్క కూడా వస్తుంది.

రైతును దోషిగా నిలబెట్టడానికి ఇదంతా రాయలేదు. అదనులో కలుపు తీసే కూలీలు దొరకకపోతే ఏమవుతుందో మా చేనిలోనే చూశాను. గడ్డి పైరును మింగేస్తుంటే మందు డబ్బా వైపు చేయి వెళ్లడం సహజం. ఆ మందు గింజలో మిగిలిందో లేదో తెలుసుకునే దారి అదే రైతుకు అందుబాటులో లేకపోవడమే నాకు అన్యాయంగా తోస్తుంది.

పురుగు మందుల అవశేషాలు పరీక్షించే కార్డు ఒకటి దొరుకుతోంది. అది చాలదా?

చాలదు. ఒక్క జవాబు చదివే తీరికే ఉంటే ఇదే చదవండి.

అటువంటి కార్డుల్లో ఎక్కువ భాగం ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము మీద ఆధారపడి పనిచేస్తాయి. పురుగు నాడులకూ మన నాడులకూ ఆ ఎంజైము అవసరం. క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేటు మందులు, కార్బమేటు మందులు దాన్ని స్తంభింపజేస్తాయి. ఎంజైము ఆగిపోతే కార్డు మీద రావలసిన రంగు రాదు. పద్ధతి మంచిదే, కానీ అది పట్టేది ఆ రెండు కుటుంబాల మందులనే.

కలుపు మందులు దెబ్బతీసే చోటు వేరు. గ్లైఫోసేట్ మొక్కల్లో కొన్ని అమైనో ఆమ్లాల తయారీకి కావలసిన ఎంజైమును ఆపుతుంది. ఆ ఎంజైము జంతువుల్లో లేదు. ఇమాజెథాపైర్ మరో ఎంజైమును ఆపుతుంది. అట్రజిన్ కిరణజన్య సంయోగక్రియకు అడ్డం పడుతుంది. పైన చెప్పిన కార్డుకు వీటిలో ఏదీ కనిపించదు. గ్లైఫోసేట్‌లోనూ ఫాస్ఫరస్ ఉంది కనుక దొరుకుతుందని కొందరు విద్యార్థులు అనుకుంటారు. కానీ అది ఆ ఎంజైమును చెప్పుకోదగ్గ స్థాయిలో ఆపదు. కార్డు ‘సురక్షితం’ అని చూపించిన కూరలో కలుపు మందు మిగిలే ఉండవచ్చు. కనుక ఏ కిట్ కొన్నా ‘ఇది ఏ మందును పట్టుకుంటుంది?’ అని పేరుపెట్టి అడగండి.

ఈ కణాల వెలుగును ప్రతిదీప్తి అంటారు కదా, అంటే ఏమిటి?

నోట్లు అసలువో నకిలీవో చూడటానికి దుకాణాల్లో ఊదారంగు దీపం పెట్టుకుంటారు కదా. దాని కింద నోటు మీది అంకెలు, సన్నని దారాలు మెరుస్తాయి. మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని అవి పీల్చుకుని, కనిపించే కాంతిగా తిరిగి ఇస్తున్నాయి. ప్రతిదీప్తి అంటే అదే. 1852లో జార్జ్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త దీనికి ‘ఫ్లోరెసెన్స్’ అనే ఇంగ్లీషు పేరు పెట్టారు. పీల్చుకున్న కాంతి కన్నా తిరిగి ఇచ్చే కాంతి తరంగం పొడవుగా ఉంటుందని గమనించినది కూడా ఆయనే.

వేరుశనగ వ్యాపారులకు ఇది కొత్త కాదు. బూజు పట్టిన గింజల్లో పుట్టే అఫ్లాటాక్సిన్‌లనే విషాలకు బి అనీ జి అనీ పేర్లు రావడానికి కారణం వాటి మెరుపే. అతినీలలోహిత దీపం కింద ఒకటి నీలంగా, మరొకటి ఆకుపచ్చగా కనిపిస్తుంది. కలుపు మందుల్లో ఎక్కువ భాగానికి అలాంటి సొంత మెరుపు లేదు. అందుకే మెరిసే మరో వస్తువును తెచ్చి, మందు దాని దగ్గరకు వచ్చినప్పుడు మెరుపు ఎలా మారుతుందో చూడాలి.

ఆ మెరిసే వస్తువు నానో కణమే ఎందుకు కావాలి?

మామూలు రంగు అణువులు దీపం కింద త్వరగా వెలిసిపోతాయి. కొన్ని నానోమీటర్ల (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్ల వంతు) సైజున్న కణాలు ఎక్కువసేపు, ఎక్కువ కాంతితో వెలుగుతాయి. పరిమాణంతో పోలిస్తే వాటి ఉపరితలం చాలా ఎక్కువ. మందు అణువులు వచ్చి తగులుకోవడానికి అంత చోటు ఉన్నట్టు.

వీటిలో పేరున్నవి క్వాంటం డాట్లు, అంటే అతిచిన్న అర్ధవాహక స్ఫటికాలు. ఒకే పదార్థంతో చేసినా చిన్న కణం నీలంగా, పెద్ద కణం ఎర్రగా వెలుగుతుంది. వీటిని కనుగొని, తయారీకి దారి చూపినందుకు బవెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు 2023లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. రెండో రకం కార్బన్ డాట్లు. 2004లో కార్బన్ నానో గొట్టాలను శుద్ధి చేస్తుంటే అనుకోకుండా కంటపడ్డాయి. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం నుంచి వీటిని తయారు చేయవచ్చు. నారింజ రసాన్ని మూసిన పాత్రలో వేడిచేసి తయారు చేసిన పద్ధతిని మన దేశ శాస్త్రవేత్తలే 2012లో ప్రచురించారు. చీనీ తోటల జిల్లాలో పాఠం చెబుతూ ఈ మాట చెప్పినప్పుడల్లా విద్యార్థుల కళ్లు వెలుగుతాయి. ఇవి కాక బంగారు నానో గుచ్ఛాలు, రంగు నింపిన సిలికా కణాలు, పరారుణ కాంతిని పీల్చి కనిపించే కాంతిని ఇచ్చే కణాలు కూడా ఉన్నాయి.

గ్లైఫోసేట్‌ను ఇవి ఎలా పసిగడతాయి?

దీని వెనక నీటి కథ ఒకటి ఉంది. బోరు నీళ్లు బాగా ఉప్పగా, గట్టిగా ఉంటే గ్లైఫోసేట్ సరిగా పనిచేయదని రైతులకు తెలుసు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టేసుకుంటాయి. నిజానికి పట్టు గ్లైఫోసేట్‌దే. లోహం కనిపిస్తే పీత తన డెక్కలతో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. కలుపు మందుగా అది 1974లో మార్కెట్‌లోకి వచ్చింది. అంతకు పదేళ్ల ముందే లోహాలను పట్టే రసాయనంగా దానికి పేటెంటు ఉంది. రాగి మీద దాని పట్టు చాలా గట్టిది.

సెన్సరు తయారీలో ఆ గుణాన్నే వాడుకుంటారు. వెలుగుతున్న కార్బన్ డాట్ల ద్రావణంలో కొద్దిగా రాగి లవణం కలిపితే రాగి అయాన్లు డాట్ల మీద చేరి వెలుగును ఆర్పేస్తాయి. అందులో నమూనా నుంచి తీసిన ద్రవాన్ని పోస్తారు. గ్లైఫోసేట్ ఉంటే రాగిని లాగేసుకుంటుంది, డాట్లు మళ్లీ వెలుగుతాయి. ఎంత వెలుగు తిరిగి వచ్చిందో కొలిస్తే ఎంత మందు ఉందో తెలుస్తుంది.

మిగతా కలుపు మందులకూ ఇదే పద్ధతా?

కాదు, ఒక్కో మందుకు ఒక్కో ఎత్తుగడ. పారాక్వాట్ ఎలక్ట్రాన్లను లాక్కునే స్వభావం గలది. అది దగ్గరికి వస్తే క్వాంటం డాట్ వెలుగు దానంతట అదే తగ్గుతుంది. పెండిమిథాలిన్ చేతికి అంటితే పసుపు మరక పడుతుందని కొట్టినవారందరికీ తెలుసు. ఆ పసుపు రంగుకు కారణమైన నైట్రో గుంపులే ఇక్కడ పనికొస్తాయి: డాట్ల వెలుగును అవి అడ్డుకుంటాయి.

అట్రజిన్‌కు అచ్చు పద్ధతి చక్కగా నప్పుతుంది. బెల్లం అచ్చును గుర్తు తెచ్చుకోండి. అట్రజిన్ అణువు చుట్టూ పాలిమరు గట్టిపడేలా చేసి, తరువాత ఆ అణువును కడిగేస్తే దాని ఆకారంలో గుంట మిగులుతుంది. మళ్లీ అట్రజిన్ వస్తే అందులో ఇమిడిపోతుంది. ఇతర అణువులు అంతగా ఇమడవు. అచ్చు పక్కనే వెలిగే కణాన్ని పెడితే గుంట నిండినప్పుడు వెలుగు మారుతుంది. 2,4-డి, అట్రజిన్ వంటి వాటికి ప్రతిరక్షకాలతో (ఒక్కో అణువును గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్లు, ఇంగ్లీషులో యాంటీబాడీలు) చేసిన పట్టీలు కూడా ఉన్నాయి.

పట్టీ మీద గీత వస్తే మందు ఉన్నట్టేనా?

చాలా పట్టీల్లో దీనికి తలకిందులు. గర్భ నిర్ధారణ పట్టీ అలవాటుతో చూస్తే పొరపాటు పడతారు. కలుపు మందు అణువు చాలా చిన్నది, ఒకేసారి రెండు ప్రతిరక్షకాలు పట్టేంత చోటు దాని మీద ఉండదు. అందుకే పోటీ పద్ధతి వాడతారు: మందు ఉంటే పరీక్ష గీత మసకబారుతుంది, లేకపోతే స్పష్టంగా వస్తుంది. పెట్టె మీద రాసింది చదివాకే నిర్ణయానికి రండి.

ఎంత తక్కువను పట్టగలగాలి?

మన దేశ నిబంధనల ప్రకారం, ఒక పంటలో ఒక మందుకు ప్రత్యేక పరిమితి ఇవ్వని చోట సాధారణంగా వర్తించేది కిలోకు 0.01 మిల్లీగ్రాము. ఐరోపాలోనూ అంతే. ఈ అంకెను బోర్డు మీద రాస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. అందుకని ఇలా చెబుతాను: ఒక బియ్యపు గింజ బరువు సుమారు 20 మిల్లీగ్రాములు. ఆ ఒక్క గింజ బరువు మందు 50 కిలోల బస్తాలు 40 ఉన్న లారీలో సమంగా కలిసిపోతే వచ్చేది కిలోకు 0.01 మిల్లీగ్రాము. సెన్సరు వెతకవలసింది దాన్ని.

పరిశోధనా పత్రాలు చదివే విద్యార్థులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. సెన్సరు పట్టగల కనీస మోతాదును పత్రాల్లో మైక్రోమోలార్లలో రాస్తారు, చదవడానికి అద్భుతంగా ఉంటుంది. గ్లైఫోసేట్ అణుభారం 169. ఒక మైక్రోమోలార్ అంటే లీటరుకు దాదాపు 0.17 మిల్లీగ్రాము, అంటే 0.01కి 17 రెట్లు. పైగా గింజను పొడిచేసి నీటిలో నానబెట్టి వడకట్టేసరికి మందు ఇంకా పలచబడుతుంది. కనుక ఆ లెక్క వేసి చూడనిదే ఏ సెన్సరునూ మెచ్చుకోకండి.

మన పంటల మీద ఇది నిజంగా పనిచేస్తుందా?

నేను ఎక్కువగా ఆలోచించేది ఈ ప్రశ్న గురించే. శుద్ధమైన నీటిలో మందు కలిపి కొలిస్తే దాదాపు ప్రతి సెన్సరూ పనిచేస్తుంది. అసలు పరీక్ష మన సంతలో ఉంది.

కడప జిల్లా పసుపును తీసుకోండి. అందులోని కర్‌క్యుమిన్ స్వయంగా ఆకుపచ్చగా మెరుస్తుంది. దీపం వేయగానే సెన్సరు వెలుగు ఆ మెరుపులో మునిగిపోతుంది. కర్నూలు ఉల్లిది మరో సమస్య: కంటనీరు తెప్పించే గంధక సమ్మేళనాల కుటుంబానికి రాగి అన్నా బంగారం అన్నా ఇష్టం. రాగితో ఆర్పిన డాట్లలో ఉల్లి రసం పోస్తే ఆ గంధకమే రాగిని లాగేసుకోవచ్చు. వెలుగు తిరిగి వస్తుంది, గ్లైఫోసేట్ ఉందని మనం పొరపాటు పడతాం. పత్తికొండ సంతకు వచ్చే టమాటాలో సిట్రిక్ ఆమ్లం ఉంటుంది, అదీ లోహాలను పట్టేదే. ఆకుకూరల్లోని పత్రహరితం ఎర్రగా మెరుస్తుంది. వేరుశనగలో సుమారు సగం నూనె. అది తీయకుండా కొలిస్తే ద్రవం మసకగా ఉండి కాంతి చెదిరిపోతుంది. బూజు పట్టిన గింజలైతే అఫ్లాటాక్సిన్ సొంతంగా మెరవనే మెరుస్తుంది.

ఇవన్నీ దాటే దారులు ఉన్నాయి. నూనెను, రంగును ముందే తీసేయడం ఒకటి. రెండు రంగుల పద్ధతి మరొకటి: మందు తగిలినా మారని నీలి కణాన్ని, తగిలితే మారే ఎర్ర కణాన్ని కలిపి వాడితే వెలుగు తగ్గిందా పెరిగిందా అని కాకుండా రంగు ఎటు మళ్లిందో చూడవచ్చు. పరారుణ కాంతితో వెలిగే కణాలు వాడితే పసుపు, పత్రహరితం లాంటివి అసలు మెరవవు, అందుకే ఆ కణాలంటే నాకు ప్రత్యేకమైన ఆశ. ఏ దారి పట్టినా సెన్సరును మన పసుపుతో, మన ఉల్లితో, మన వేరుశనగతో సరిచూశాకే మన చేతికి ఇవ్వాలి. వేరే దేశపు ఆపిల్ మీద పనిచేసింది కనుక ఇక్కడా పనిచేస్తుందని అనుకోకూడదు.

ఫోను కెమెరాతో చూడవచ్చా?

చూడవచ్చు. చిన్న నల్లటి పెట్టె, 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ, ఎదురుగా ఫోను ఉంటే ప్రాథమిక అంచనాకు సరిపోతుంది. అయితే ఫోను తనంతట తాను వెలుతురును, రంగును సరిదిద్దుకుంటుంది. మనం కొలవాలనుకున్న తేడానే అది చెరిపేస్తుంది. ఆ సవరణలు ఆపి, ప్రతిసారీ మందు లేని నమూనాను, తెలిసిన మోతాదు కలిపిన నమూనాను పక్కపక్కనే పెట్టి ఫొటో తీయాలి. ఆ దీపంలోకి నేరుగా చూడకండి, పిల్లలను చూడనివ్వకండి.

నానో కణాలే విషం కావా?

కాడ్మియంతో చేసిన క్వాంటం డాట్ల విషయంలో ఈ భయం సమంజసమే. వాటిని ప్రయోగశాలలోనే వాడాలి, మిగిలిన ద్రవాన్ని కాలువలో పోయకూడదు. ఊళ్లలో వాడే పరీక్షకు కార్బన్ డాట్లే మేలని నా అభిప్రాయం. ఏదైనా సరే, పరీక్షించిన ముక్కను తినకూడదు.

కడిగితే, ఉడికిస్తే మందు పోతుందా?

తోలు మీద పడినది కొంత పోతుంది. మొక్క లోపలికి వెళ్లినది పోదు. గ్లైఫోసేట్‌ను వంట వేడి పెద్దగా విడగొట్టదు.

నూనె గురించి తరచూ అడుగుతారు. గ్లైఫోసేట్ నీటిలో కరిగేది, నూనెలోకి దాదాపు రాదు. పెండిమిథాలిన్ అలా కాదు, అది నూనెను ఇష్టపడుతుంది. కనుక గానుగ నూనెను పరీక్షించాలంటే ముందు వెతకవలసింది పెండిమిథాలిన్‌ను. గ్లైఫోసేట్ లేదన్న ఫలితం నూనె విషయంలో మనకు పెద్దగా ఏమీ చెప్పదు.

బోరు నీటిలో కూడా చూడవచ్చా?

ఆహారం కన్నా నీరే సులభం. నూనె, పత్రహరితం వంటి అడ్డంకులు ఉండవు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012)లో కలుపు మందులకూ హద్దులు ఉన్నాయి. లీటరుకు మైక్రోగ్రాములలో అట్రజిన్ 2, ఐసోప్రొట్యురాన్ 9, అలాక్లోర్ 20, 2,4-డి 30, బ్యూటాక్లోర్ 125. మన ప్రాంతంలో ఫ్లోరైడు కోసం నీటిని పరీక్షించడం ఎరిగినదే. మొక్కజొన్నకు అట్రజిన్ వాడే పొలాల పక్క బోర్లలో దీన్నీ చూడటం అవసరమని గట్టిగా నమ్ముతున్నాను. అయితే రాగి పద్ధతి వాడేటప్పుడు మన నీటిలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని మరచిపోకూడదు. అవి గ్లైఫోసేట్‌ను ముందే పట్టేసుకుంటే సెన్సరుకు మందు కనిపించదు.

గ్లైఫోసేట్‌ను నిషేధించారా? క్యాన్సర్ వస్తుందా?

పూర్తి నిషేధం లేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాని వాడకాన్ని చీడపీడల నియంత్రణలో లైసెన్సున్న నిర్వాహకులకే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చింది. ఐరోపా, అమెరికా నియంత్రణ సంస్థలు ఆ అంచనాతో ఏకీభవించలేదు. ముందుగా ప్రమాదం కొట్టేవారికి, తరువాతే తినేవారికి. చేతికి తొడుగు, ముఖానికి గుడ్డ లేకుండా వీపున ట్యాంకు మోసే మనిషి గురించి మాట్లాడకుండా అవశేషాల గురించి మాత్రమే మాట్లాడితే నాకు మనసొప్పదు. పారాక్వాట్ విషయంలో ఇది ఇంకా తీవ్రం: మింగితే విరుగుడు లేదు.

సెన్సరు ‘మందు ఉంది’ అంటే ఏమి చేయాలి?

వెంటనే ఎవరినీ నిందించకండి, సరుకు పారబోయకండి. సెన్సరు ఫలితం అనుమానమే, తీర్పు కాదు. ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం (అణువులను వేరుచేసి, బరువును బట్టి గుర్తించేది) ఉన్న, ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు పొందిన ప్రయోగశాలలో నిర్ధారించుకోవాలి. పంపేముందు ఒక మాట అడగండి: ‘మీ జాబితాలో గ్లైఫోసేట్ ఉందా?’ ఎందుకంటే వందల మందులను ఒకేసారి చూసే మామూలు పద్ధతిలో అది దొరకదు. దానికి వేరే పద్ధతి, వేరే రుసుము ఉంటాయి.

కొనుగోలుదారుకు చట్టంలోనే ఒక దారి ఉంది. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం, కొన్న ఆహారాన్ని రుసుము చెల్లించి ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే ఆ సంగతి అమ్మేవారికి చెప్పాలి. ఈ హక్కు ఉందని చాలామందికి తెలియదు.

నమూనా ఎలా తీయాలి?

ఒక మూల నుంచి గుప్పెడు తీస్తే లాభం లేదు. కుప్పలో, బస్తాల్లో పలుచోట్ల నుంచి తీసి, బాగా కలిపి, అందులోంచి కనీసం ఒక కిలో పంపాలి. మందు డబ్బాలు ఉంచిన గదిలో పెట్టకండి. తీసిన తేదీ, కొట్టిన మందు, కొట్టిన తేదీ చీటీ మీద రాయండి. ఆ చీటీ లేకపోతే ప్రయోగశాల చీకట్లో వెతుక్కుంటుంది.

ఇప్పుడు ఇది అనంతపురంలో కొనుక్కోవచ్చా?

గ్లైఫోసేట్, అట్రజిన్, 2,4-డి లకు ప్రతిరక్షక పట్టీలు ప్రపంచ మార్కెట్లో ఉన్నాయి. అవి మందుల దుకాణంలో దొరికే వస్తువులు కావు, సరఫరాదారుల నుంచి తెప్పించుకోవాలి. ఇక్కడ చెప్పిన డాట్లు, అచ్చులు, రెండు రంగుల సెన్సర్లు ఎక్కువగా పరిశోధనశాలల దశలోనే ఉన్నాయి.

డిగ్రీ విద్యార్థిని, దీని మీద ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

డాట్ల తయారీతో మొదలుపెట్టకండి, అది తేలిక పని. ముందు కలుపు మందు అసలు కొట్టని చేనిని వెతకండి. గుంటకతో, చేతితో కలుపు తీసే రైతులు ఇంకా ఉన్నారు, వారి దగ్గర రెండు కిలోల వేరుశనగ అడగండి. అదే మీ ఖాళీ నమూనా. అందులో తెలిసినంత మందు మీరే కలిపి, పొడిచేసి, నూనె తీసి, సెన్సరుతో కొలవండి. కలిపినదాంట్లో 70 నుంచి 120 శాతం మధ్య తిరిగి దొరికితే పద్ధతి నిలబడినట్టు. 30 శాతమే వస్తే మిగతాది ఎక్కడ పోయిందో వెతకడమే మీ ప్రాజెక్టు. ఖాళీ నమూనాలోనే వెలుగు మారిపోతే దాన్ని దాచకుండా రాయండి. ఆ అంకె మీ తరువాత వచ్చే విద్యార్థికి కావాలి.